చెన్నపురి తెలుగు మహిళలు : ఆంధ్ర మహిళా సభ

చెన్నపట్టణమునకును తెలుగువారికిని గల సంబంధము ఆ నగరమంత ప్రాచీనమైనది. 1639వ సంవత్సరమున ఆంగ్లేయ వర్తకులకు సముద్రతీర భూమి నొసగినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. నగరమునకు పేరైనది ఆతని తండ్రియగు చెన్నప్ప నాయకుని నామము. నాటినుండి వర్తకులు, దుబాసీలు, పండితులు, ముద్రాపకులు, న్యాయవాదులు తరతరములుగా తెలుగుదేశమునుండి అచ్చటికి చేరుచు వచ్చిరి. 1914లో ఆంధ్రపత్రిక బొంబాయినుండి తరలివచ్చి చెన్నపురిలో దినపత్రిక యయ్యెను. ఈ చరిత్రను పలువురు వ్రాసియున్నారు. కాని అందు వినవచ్చు పేర్లు ఇంచుమించుగా అన్నియు పురుషులవే.

ఆ పురుషుల వెంట వచ్చిన తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్ర మాట యేమి? పురుషునకు కచేరి కలదు, కళాశాల కలదు, గ్రంథాలయము కలదు. స్త్రీకి ఇల్లొక్కటియే కలదు. వీధిలో వినబడు భాష ఆమెది కాదు. పుట్టినింటివారు గోదావరీ కృష్ణాతీరములం దుండిరి. ఇరుగు పొరుగు స్త్రీలు కలిసికొనుటకు పూర్వాచారము చూపిన మార్గము పేరంటము. పేరంటము మధురమైనదే; కాని దానికి పిలుపు సువాసినులకే. వితంతువునకు అందు చోటు లేదు. భర్తచే విడువబడినదానికి పిలుపు వచ్చినను తలయెత్తుకొని కూర్చుండుట కష్టము. ఎవతెకు తోడు అధికముగా కావలసియుండెనో ఆమెయే వెలుపల నిలిచినది. స్త్రీ సమాజముల చరిత్రను ఈ దృష్టితో చూచినగాని వాని విలువ తెలియదు.

పూర్వరంగము

తెలుగునాట ఈ ప్రయత్నము ఇరువదవ శతాబ్దారంభముననే మొదలైనది. 1902లో భండారు అచ్చమాంబ గారు మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. అదే సంవత్సరమున హిందూసుందరి పత్రిక వెలువడెను. 1931లో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పిరి.

చెన్నపురిలో 1917వ సంవత్సరమున, అడయారు కేంద్రముగా, మార్గరెట్ కజిన్స్, అనీబెసెంటు ప్రభృతులు భారత మహిళా సంఘమును ఆరంభించిరి. 1921లో మద్రాసు రాజధాని స్త్రీలకు ఓటుహక్కు నొసగెను. తెలుగువారి కృషియు వెనుకబడలేదు. డాక్టరు కె. ఎన్. కేసరి గారు 1928లో గృహలక్ష్మి పత్రికను చెన్నపురినుండి ప్రారంభించిరి. స్త్రీలు వ్రాయుట, స్త్రీలు చదువుట అను రెండింటికిని ఆ పత్రిక ఆలవాలమైనది. విదుషీమణులను గౌరవించుటకు ఏర్పడిన గృహలక్ష్మి స్వర్ణకంకణము తొలుత 1934లో వరలక్ష్మమ్మ గారికి లభించెను. అయినను పత్రిక చదువు వచ్చినవారికే ఉపకరించును. చదువు రానివారిని ఇల్లు దాటించి ఒకచోట చేర్చునట్టి సంస్థ ఇంకను కావలసియుండెను.

స్థాపకురాలు

ఆ లోటును తీర్చినవారు శ్రీమతి దుర్గాబాయి గారు. వీరు 1909 జులై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేట బాల్యవివాహము జరిగినది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధమును వీరు అంగీకరింపలేదు. కాకినాడలో బాలికయై యుండగనే తోడి స్త్రీలకు హిందీ నేర్పుటకు పాఠశాలను నడపిరి. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛంద సేవకురాలై నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆపిన యుదంతము సుప్రసిద్ధము.

1930లో ఉప్పు సత్యాగ్రహమునకై చెన్నపురికి వచ్చి కారాగారమున కేగిరి. వేలూరు, మధుర చెరసాలలలో వీరు చూచినది రాజకీయ ఖైదీలను మాత్రమే కాదు. అక్షరము రాక, చట్టము తెలియక, తమ పక్షమున ఒక్క మాటయైన చెప్పుకొనలేక శిక్షలు పొందిన స్త్రీలు అచ్చట నుండిరి. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము వీరికి అచ్చటనే కలిగినది. విడుదల పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుతో ఆరంభించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి.

బృందావనము నుండి సభ వరకు

ఈ చదువు సాగుచుండగనే మైలాపూరులో ఒక చిన్న క్లబ్బు వెలసినది. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. ఇరుగు పొరుగు తెలుగు బాలికలను చేరదీసి ఆటపాటలు, సంగీత నృత్యములు, హిందీ నేర్పుట దాని కార్యక్రమము. అదియే పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ యయ్యెను. ఆ సంవత్సరముననే, ఆ మైలాపూరులోనే, నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగు గృహమున కోస్తా, రాయలసీమ నాయకులు ప్రసిద్ధమైన ఒడంబడిక చేసికొనిరి. రాబోవు రాష్ట్రమునకు పురుషులు పునాది యోచించుచున్న ఆ దినములలో స్త్రీలు వేరొక పునాది వేసికొనుచుండిరి.

ఆటపాటలతో ఆరంభించుటయం దొక లోకజ్ఞత కలదు. కూతురిని బడికి పంపుమన్న సంకోచించు తండ్రి, పాట నేర్చుకొన పంపుమన్న అంతగా సంకోచింపడు. పిల్లను దింపుటకు వచ్చిన తల్లి గుమ్మమున నిలుచును. నిలిచినది లోపలికి వచ్చును. వచ్చినది తనకును అక్షరములు నేర్పుదురా యని యడుగును. కావున వినోదము సభకు అలంకారము కాదు, ద్వారము. ఆ ద్వారమున పేరంటపు నియమము లేదు. సువాసినియు, వితంతువును, అవివాహితయు ఒకే చాపపై కూర్చుండగలిగిరి.

ద్వారము దాటినవారికి ముఖ్యముగా లభించినది విద్య. ఈడు మించిన స్త్రీ మరల చిన్నపిల్లలతో కలిసి తరగతి తరగతియు చదువుట సాధ్యము కాదు. సభవారు అట్టివారికి ప్రత్యేక శిక్షణ యొసగి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచిరి. 1951 జనాభా లెక్కలనాటికిని మన దేశమున నూటికి తొమ్మిదిమంది స్త్రీలైనను అక్షరాస్యులు కారని తలచినచో, ఆ పరీక్ష ఎంత దూరమున నున్న గమ్యమో బోధపడును. మెట్రిక్యులేషను ప్యాసైన స్త్రీకి ఉపాధ్యాయిని పని, నర్సు పని అందుబాటులోనికి వచ్చెడివి. అన్నవదినెల పంచన బ్రదుకవలసినది తన కూడు తాను సంపాదించుకొనగలిగెను. సభవారి కుట్టుపని, చేతిపనుల శాఖలును, వసతిగృహమును ఈ యుద్దేశమునకే ఏర్పడినవి. ఆంధ్ర మహిళ యను పత్రికయు దుర్గాబాయి గారి సంపాదకత్వమున వెలువడెను. క్రమముగా వైద్యాలయము, నర్సులకును ప్రసూతి సేవికలకును శిక్షణ, అంగవైకల్యము గలవారికి చికిత్సాకేంద్రము చేరినవి.

రాష్ట్ర విభజన తరువాత

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులోనే ఆత్మార్పణ మొనర్చిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపట్టణము అందు చేరలేదు. కార్యాలయములు కర్నూలునకు తరలినవి, ఉద్యోగులు తరలిరి. పేరులోనే ఆంధ్ర శబ్దము గల సంస్థ ఏమి కావలెనను ప్రశ్న సహజము. సభ చెన్నపురిని వీడలేదు. పేరును మార్చుకొనలేదు. వైద్యాలయమునకు వచ్చు రోగి భాష యేదని అడుగలేదు. తెలుగువారికై పుట్టిన సంస్థ నగరవాసులందరిదియు నయ్యెను. హైదరాబాదునను సభ శాఖలు వెలసి కళాశాల, వైద్యాలయము, సాక్షరతా భవనము ఏర్పడినవి.

మైలాపూరున పొందిన అనుభవము దేశమంతటికిని ఉపకరించెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలు దుర్గాబాయి గారే. వయోజన స్త్రీలకు కొద్దికాలములో పరీక్షార్హత కల్పించు సంక్షిప్త విద్యాపథకమును ఆ మండలి 1958లో దేశవ్యాప్తముగా ప్రవేశపెట్టెను. అది సభ పాఠముల పద్ధతికే విస్తరణము. 1975లో పద్మవిభూషణ బిరుదమందిన దుర్గాబాయి గారు 1981 మే 9న పరమపదించిరి. అడయారు వంతెనకు చేరువ సభా వైద్యాలయమున్న రహదారికి వారి పేరే పెట్టబడినది.

వలసవెళ్లిన జాతి పరస్థలమున తన భాషను, పాటను, పండుగను కాపాడుకొనుట మెచ్చదగినదే. కాని దానితోనే తృప్తిపడిన సమాజములు తమ గోడలలోనే వృద్ధాప్యము పొందును. ఆంధ్ర మహిళా సభ పాటతో ఆరంభించినది, పాటవద్ద ఆగలేదు. పేరంటమునకు పిలుపు రాని స్త్రీని పిలిచినది. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు సమాజము లన్నియు తమ మహిళా శాఖలను గూర్చి వేసికొనవలసిన ప్రశ్న ఇదియే: నేడు మన పిలుపు అందనివారెవరు?