ఒక్క స్థానపు పార్టీ: భిలాయి, దల్లీ-రాజహరా, జనక్‌లాల్ ఠాకూర్

సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైనప్పటి నుంచి దానికి కావలసిన ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచే వచ్చేది. పర్మినెంటు ఉద్యోగికి క్వార్టరు, ఆసుపత్రి, బడి సమకూర్చిన ఆ సంస్థ, గనుల్లో తవ్వి ఎత్తే పనిని మాత్రం చాలావరకు ఠేకేదార్లకు, అంటే కూలీలను కుదుర్చుకుని పని చేయించే గుత్తేదార్లకు, వదిలేసింది. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా పుట్టుకకూ, దాని తరఫున రెండుసార్లు మధ్యప్రదేశ్ శాసనసభకు వెళ్లిన జనక్‌లాల్ ఠాకూర్ రాజకీయ జీవితానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

1977లో గని కూలీలు పాత యూనియన్లను విడిచి, భిలాయి కోక్ ఓవెన్లలో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నారు. వాళ్ల తొలి కోరికల్లో ‘బాంస్-బల్లీ’ భత్యం, అంటే వానలకు ముందు గుడిసె బాగుచేసుకోవడానికి వెదురుకూ కర్రలకూ ఇచ్చే సొమ్ము, ఒకటి కాగా, ఆ జూన్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. సంఘం అక్కడితో చెదిరిపోకపోగా సారా మాన్పించే ఉద్యమానికి పూనుకొని, యంత్రాలు వస్తే పోయే కూలీల లెక్కను యాజమాన్యం ముందు పెట్టి, 1983లో శహీద్ ఆసుపత్రిని తెరిచింది. కార్మికులకు ఎరుపు, రైతులకు ఆకుపచ్చ గుర్తుగా రెండు రంగుల జెండా పట్టిన మోర్చా దాని రాజకీయ రూపం.

ఠాకూర్ 1985లో గెలిచిన డౌండీ లోహారా, షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేసిన నియోజకవర్గం. దల్లీ-రాజహరా అందులోనిదే కావడం, గని కూలీ, పొలం ఉన్న ఆదివాసీ తరచు ఒకే ఇంటివాళ్లు కావడం వల్ల అక్కడ సంఘం బలమే ఓటు బలమైంది. భిలాయిలో ఆ కలయిక కుదరలేదు. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారితో సహా టౌన్‌షిప్ ఉద్యోగులకు గుర్తింపు పొందిన యూనియన్లు ఉండగా, 1990 నుంచి మోర్చా కూడగట్టినది చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులను.

ఆ పోరాటం నడుస్తుండగానే 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలోని ఇంట్లో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. 1992 జులై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషను దగ్గర పట్టాలపై కూర్చున్న కార్మికులపై జరిగిన కాల్పుల్లో పదిహేను మందికి పైగా మరణించారు. నెత్తురు భిలాయిలో చిందితే, 1993లో సీటు మళ్లీ డౌండీ లోహారాలోనే దక్కింది. 320 మంది సభలో ఠాకూర్ మోర్చాకు ఏకైక సభ్యుడు. ఒక్క ఓటుతో ఏ ప్రభుత్వాన్నీ కదిలించలేని ఆ స్థానానికి విలువ, కాంట్రాక్టు కూలీ మాటను సభలో వినిపించడంలో ఉండేది. 1998 తర్వాత ఆ స్థానమూ మిగల్లేదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడేసరికి, రాష్ట్రం రాకముందే ఆ పేరును తన పేరులో పెట్టుకున్న పార్టీకి 90 మంది తొలి శాసనసభలో ఒక్క సభ్యుడూ లేడు.