నూజివీడు స్టేషను నూజివీడులో లేదు

మాది నూజివీడు అనగానే ఆఫీసులో అందరూ "రసాలు ఎప్పుడు తెస్తున్నావ్" అంటారు. రైలు ఎక్కడ దిగాలని అడిగితేనే చిక్కు. నూజివీడు అని బోర్డున్న స్టేషను హనుమాన్ జంక్షన్లో ఉంది మరి! 1893-96 మధ్య కటక్ నుంచి బెజవాడ దాకా వేసిన ఈస్ట్ కోస్ట్ లైను మా ఊరిని తాకకుండానే పోయింది. అక్కడ దిగి బస్సో ఆటోనో చూసుకోవాలి.

అందుకేనేమో, 2017 సెప్టెంబరులో విజయవాడ-అమరావతి హైపర్‌లూప్ వార్త చదివి నవ్వాలో సంబరపడాలో తెలీలేదు. రాష్ట్ర ఆర్థికాభివృద్ధి మండలి, అమెరికాకి చెందిన హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్ అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. గంట పైన పట్టే దారి ఆరు నిమిషాల్లో అట. నిజం చెప్పొద్దూ, నేనూ నలుగురికి ఫార్వర్డ్ చేశాను.

వాళ్ళు వాడదామనుకున్నది మాగ్లెవ్‌లో ఒక రకం, రిచర్డ్ పోస్ట్ లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో తయారుచేసిన ఇండక్‌ట్రాక్. బండి కింద శాశ్వత అయస్కాంతాలు, దారిలో తీగ చుట్లు. బండి కదిలితే చుట్లలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే బండిని పైకి లేపుతుంది. ఆగితే మళ్ళీ చక్రాల మీద కూర్చుంటుంది. లేపడానికి విడిగా కరెంటు ఇవ్వక్కర్లేదు. ఆలోచన మాత్రం అద్భుతం, ఒప్పుకోవాల్సిందే.

అసలు మాగ్లెవ్ నిన్నా మొన్నటిది కాదు. హెర్మన్ కెంపర్ అనే జర్మన్ 1934లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ జర్మన్లే తమ ట్రాన్స్‌రాపిడ్‌ని బెర్లిన్-హాంబర్గ్ మధ్య వేద్దామనుకుని, ఖర్చు చూసి 2000లో మానుకున్నారు. దాన్ని షాంఘై కొనుక్కుంది. విమానాశ్రయం నుంచి 30 కిలోమీటర్లు, గంటకు 431 కి.మీ. దాకా పరిగెత్తించారు. 2015లో జపాన్ ప్రయోగాల్లో 603 అందుకుంది.

చక్రం రాపిడి పోయింది కాబట్టి కరెంటు బాగా ఆదా అవుతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ వేగాల్లో అడ్డం పడేది గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు. అందుకే గొట్టం కట్టి అందులో గాలి తోడేద్దామన్నారు. సరే, గంటకు వెయ్యి కి.మీ. వేగానికి మనిషి కుదురుగా కూర్చునేట్టు మెల్లగా చేరాలంటే ఎంత దూరం కావాలో కాగితం మీద లెక్కేసి చూడండి. విజయవాడ-అమరావతి మధ్య వేగం పుంజుకునేలోపే బ్రేకు వెయ్యాలి! హైదరాబాదు-విశాఖ లాంటి దూరాలకైతే, విమానంతో పోటీగా, వాదించొచ్చు. దీనికి కాదు. డెమో బావుందని ప్రొడక్షన్లో పెట్టేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఆ గొట్టం రాలేదు. ముంబై-పుణె మధ్య వేస్తానన్న వేరే కంపెనీ, హైపర్‌లూప్ వన్, 2023 చివర్లో మూతపడింది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం-అమరావతి-నంబూరు లైనుకి ఒప్పుకుంది. 57 కిలోమీటర్లు, 2,245 కోట్లు, మామూలు ఇనప పట్టాలు. నాకైతే ఈ వార్తకే ఎక్కువ సంతోషం వేసింది, ఎవరూ ఫార్వర్డ్ చెయ్యకపోయినా.

మా రసాలు మాత్రం నున్న మార్కెట్టుకి లారీల్లోనే పోతున్నాయి. నేను హనుమాన్ జంక్షన్లో దిగి ఆటో బేరమాడుతూనే ఉన్నాను.