మత్తు సూది కథ: పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే పిల్లల కోసం

హోసూరు, కృష్ణగిరి వైపు మన తెలుగు ఇళ్లలో పిల్లల్ని పళ్ల డాక్టరు దగ్గరికి బయలుదేరదీసేటప్పుడు అందరం ఒకే మాట చెబుతాం: "సూదేమీ వెయ్యరులే నాయనా." కుర్చీలో కూర్చోగానే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది. తర్వాత బిడ్డ మనల్నీ నమ్మదు, డాక్టర్నీ నమ్మదు. నిజానికి ఆ సూది రావడానికి పెద్ద కథే నడిచింది.

1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జనం వేడుకగా నవ్వులవాయువు ప్రదర్శన చూశారు. వాయువు పీల్చిన ఒకతని కాలికి గాయమైనా నొప్పి తెలియలేదు. హొరేస్ వెల్స్ అనే పళ్ల వైద్యుడు అది గమనించి, మర్నాడే ఆ వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు! మరుసటి నెల బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపబోతే రోగి అరిచాడు. జనం వెల్స్‌ను ఎగతాళి చేశారు. 1846లో అదే ఊళ్లో, ఒకప్పటి అతని భాగస్వామి మోర్టన్ ఈథర్‌తో పేరు కొట్టేశాడు. వెల్స్ 1848లో పోయాడు, పాపం.

మనిషిని పడుకోబెట్టకుండా పన్ను దగ్గర మాత్రమే మొద్దుబార్చడం 1884 తర్వాతి మాట. మొదట వాడింది కొకైన్. దవడ నరం దగ్గర దాన్ని ఎక్కించిన హాల్‌స్టెడ్ తానే దానికి బానిసయ్యాడు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడోకెయిన్ తయారుచేశాడు. మన డాక్టర్లు లిగ్నోకెయిన్ అనేది దాన్నే.

అయినా కొందరు పిల్లలకు అది సరిగా పట్టదు. ఆరో ఏట వచ్చే దవడపన్ను కొందరికి పసుపుగా, పెళుసుగా వస్తుంది. చల్లనీళ్లు తగిలినా జివ్వుమంటుంది. ఆ పన్ను లోపల నరం ముందే రేగి ఉంటుంది. 2001లో ఈ సమస్యకు వైద్యులు ఒక పేరు పెట్టారు. "సూది వేశారుగా, ఇంకా ఏడుపెందుకు" అని గదమాయించడం అన్యాయం. నొప్పి నిజమే.

అందుకే చల్లదనం తగిలితే బాధపడతాడని డాక్టరుకు ముందే చెప్పండి. చిగురుకు మొద్దుబార్చే జెల్ రాసి, సూది మెల్లగా ఎక్కించి, మందు పట్టేదాకా ఆగమనండి. నొప్పిస్తే చెయ్యెత్తమని బిడ్డకు చెప్పండి, ఎత్తితే ఆపాలి. లవంగనూనెను మాత్రం పసి చిగుళ్లకు నేరుగా పూయకండి, కాలుతుంది. మొద్దు తగ్గేదాకా పెదవి కొరుక్కోకుండా చూడండి.

వెల్స్‌ను నవ్వులపాలు చేసిన ఆ వాయువే ఇప్పుడు ఆక్సిజన్‌తో కలిపి, ముక్కుకు చిన్న మాస్కు పెట్టి, భయపడే పిల్లలకు ఇస్తున్నారు. బిడ్డ మెలకువగానే ఉంటుంది. మీ క్లినిక్కులో ఉందేమో అడగండి.