చేప కడుపులో నట్టలు: చికిత్స నడిచిన దారి

తిరువూరు లాంటి పట్టణంలో గాజుతొట్టిలో గప్పీలు, ఏంజెల్ చేపలు పెంచుకునేవాళ్లకు రంగుచేపల వైద్యుడు దొరకడు. చేప మేత తింటూనే చిక్కిపోవచ్చు. రెట్ట తెల్లని జిగట దారంలా వేలాడవచ్చు. మలద్వారం దగ్గర సన్నని ఎర్ర పురుగులు తొంగిచూడవచ్చు. అప్పుడు దిక్కు పశువుల మందుల దుకాణమే. గొర్రెలకూ మేకలకూ తాగించే నట్టల మందే చేపకూ దిక్కవుతుంది. గొర్రె మందు చేప దాకా రావడం వెనుక పెద్ద చరిత్రే ఉంది. అందులో ఉత్తర సర్కారు కొండల చెట్టు ఉంది, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఉన్నాడు, మన దిగుడుబావుల్లోని నీటిపురుగూ ఉంది.

క్రిములకు చికిత్స ఎలా చేయాలో చరకసంహిత విమానస్థానంలో మూడు మెట్లుగా చెప్పారు. మొదటిది అపకర్షణం, అంటే ఉన్న క్రిమిని బయటికి లాగేయడం. రెండోది ప్రకృతి విఘాతం, అంటే క్రిమి బతకడానికి అనువైన పరిస్థితిని చెడగొట్టడం. మూడోది నిదాన పరివర్జనం, అంటే అసలు కారణానికి దూరంగా ఉండటం. మనుషుల కోసం చెప్పిన మాటలే అయినా చేపల వైద్యం సరిగ్గా ఈ మెట్ల మీదుగానే నడిచింది. కాకపోతే మొదటి మెట్టు మీద చాలాకాలం ఆగిపోయింది.

ఆ మెట్టు మీద మన ప్రాంతపు మందు ఒకటి కనిపిస్తుంది. సామర్లకోటలో తోటలు పెంచుతూ ఇక్కడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడిన తన గ్రంథంలో వసంత చెట్టును వర్ణించాడు. దాని కాయల మీది ఎర్రటి పొడిని పట్టుకు రంగు అద్దడానికి వాడేవారు. ఆయుర్వేదంలో కంపిల్లకం అనే ఆ పొడి బద్దెపురుగులకు పాతమందు. 19వ శతాబ్దం నడుమ ఐరోపా వైద్యులు దాన్ని కమలా పేరుతో అందుకున్నారు. మరో వందేళ్లకు అదే పొడి సోవియట్ చేపల చెరువుల్లో గడ్డిచేపల మేతలో చేరింది. ఆ ముచ్చటకు తర్వాత వద్దాం.

పురుగును బయటికి లాగడమే కాదు, అది ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టాలన్న ఆలోచన 1860ల్లో బలపడింది. జర్మన్ శాస్త్రవేత్త రుడోల్ఫ్ లూకార్ట్ మంచినీటి చేపల పేగుల్లోని ఒక ఎర్రని గుండ్రటి పురుగు జీవితాన్ని వెంబడించాడు. దాని పిల్లలు నేరుగా చేపలోకి పోవడం లేదు. నీటిలో ఈదే సైక్లాప్స్ అనే చిన్న ప్రాణి వాటిని మింగుతోంది, ఆ సైక్లాప్స్‌ను చేప మింగుతోంది. నారికురుపు పురుగు రహస్యం వెతుకుతున్న రష్యన్ యువకుడు అలెక్సీ ఫెద్చెంకోకు లూకార్ట్ సైక్లాప్స్‌లో చూడమని సలహా ఇచ్చాడు. 1870 ప్రాంతంలో తుర్కెస్తాన్‌లో ఫెద్చెంకో చూశాడు, నారికురుపు పురుగు పిల్లలు అక్కడే దొరికాయి.

తెలుగు పల్లెలను ఎంతగానో ఏడిపించిన నారికురుపు గుట్టు అలా చేప పురుగు పుణ్యమా అని బయటపడింది. 1983-84లో భారతదేశం మొదలుపెట్టిన నిర్మూలన కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ ఒక ముఖ్య రాష్ట్రం. నారికురుపు పురుగును చంపే మందు ఆనాటికీ లేదు, ఈనాటికీ లేదు. దిగుడుబావుల్లోకి దిగకుండా చూశారు, తాగేనీళ్లు గుడ్డతో వడగట్టించారు, సైక్లాప్స్‌ను చంపే మందు నీళ్లలో చల్లారు. 1996 తర్వాత దేశంలో కొత్త కేసు లేదు, 2000లో దేశానికి విముక్తి పత్రం దక్కింది. మందు లేకుండా ఒక పురుగును ఓడించిన ఈ విజయం చేపలు పెంచే ప్రతివారికీ పాఠం.

అయితే లూకార్ట్ చూపిన జీవితచక్రపు పాఠాన్ని చేపల వైద్యం వెంటనే నేర్చుకోలేదు. మ్యూనిక్‌లో బ్రూనో హోఫర్ 1904లో చేపల వ్యాధుల మీద పెద్ద గ్రంథం రాసి ఈ శాస్త్రానికి పునాది వేశాడు. అమెరికా ట్రౌట్ హేచరీల్లో పేగుల్లో చేరే హెక్సామిటా అనే కశాభ జీవికి (కొరడాలాంటి తోకలతో ఈదే ఏకకణ ప్రాణికి) మేతలో కేలమెల్, అంటే పాదరసపు లవణం కలిపి పెట్టారు. తర్వాత ఆర్సెనిక్ మందులు వచ్చాయి. అవి పరాన్నజీవికీ చేపకీ రెంటికీ విషమే. ఏది ముందు చస్తుందన్నదే లెక్క.

ఈలోగా గాజుతొట్టి ఇళ్లలోకి వచ్చింది. లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో జనం చూసే మొదటి చేపల గృహం తెరుచుకుంది. తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాజధానిలో 1909లో మెరీనా ఒడ్డున అక్వేరియం వెలిసింది. గప్పీ మన దేశానికి 1908లో దోమపిల్లలను తినడానికి వచ్చి, తర్వాత ముద్దుగా పెంచుకునే చేపగా మారింది. రంగుచేపల వ్యాపారం ఖండాలు దాటడంతో పురుగులూ దాటాయి. 1927లో జపాన్‌లో ఫుజిటా వర్ణించిన కమలానస్ కోట్టి అనే ఎర్రపురుగు ఇవాళ ప్రపంచమంతటా గప్పీల మలద్వారం దగ్గర కనిపిస్తోంది. గాజుతొట్టి దాని నడతనే మార్చింది. సైక్లాప్స్ లేని తొట్టిలో కూడా అది చేప నుంచి చేపకు నేరుగా పాకగలదని నార్వే పరిశోధకులు 2002లో చూపించారు. నారికురుపును ఆపిన ఉపాయం ఒక్కటే ఇక్కడ చాలదన్నమాట. తొట్టి అడుగు శుభ్రంగా ఉండటం అంతకన్నా ముఖ్యమైంది.

మందుల యుగం రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలైంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1947లో బోదకాలు పురుగుకు డైఇథైల్‌కార్బమజైన్‌ను అందించింది. అది పైపెరజైన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలోని పైపెరజైన్ ఏలికపాములకు వాడుకలోకి వచ్చి, తర్వాత రంగుచేపల మేతలోనూ చేరింది. ఏ మందూ చేప కోసం పుట్టలేదు. మనిషి కోసమో గొర్రె కోసమో పుట్టిన మందే చివరికి తొట్టిలోకి వచ్చింది.

1959 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మెట్రోనిడజోల్ వచ్చింది. డిస్కస్, ఏంజెల్ చేపల పేగుల్లోని కశాభ జీవులకు అదే ఆధారమైంది. ఫ్లోరిడా ఏంజెల్ చేపల నుంచి అలాంటి ఒక జీవిని స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ పేరుతో వేరుచేసి వర్ణించింది 1995లో మాత్రమే. మందు ముందు వచ్చింది, రోగకారక జీవి పేరు తర్వాత తెలిసింది. 1960ల్లో వచ్చిన లెవామిజోల్ గుండ్రటి పురుగుల నరాలను బిగదీస్తుంది. పట్టు తప్పిన పురుగు బయట పడుతుంది కాబట్టి దాన్ని వెంటనే సైఫన్‌తో తీసేయాలి. 1970ల్లో బద్దెపురుగులకు, ఫ్లూక్‌లనే చదును పురుగులకు ప్రాజిక్వాంటెల్, గుండ్రటి పురుగులకు ఫెన్‌బెండజోల్ వచ్చాయి.

గడ్డిచేపల కథ ఇక్కడే వస్తుంది. చైనా నుంచి సోవియట్ దేశానికి తెచ్చిన గడ్డిచేపలతో ఆసియా బద్దెపురుగు కూడా వెళ్లింది. సైక్లాప్స్ మీదుగానే అది పిల్లచేపల్లోకి చేరి పేగును పూడ్చేసింది. అక్కడివారు మొదట చేతపట్టిన మందుల్లో కమలా పొడి ఒకటి, తర్వాత నిక్లోసమైడ్. నిక్లోసమైడ్ మేతలో పెడితే పురుగును చంపుతుంది, నీటిలో కలిపితే చేపనే చంపుతుంది. మన దేశంలో కటక్‌కు గడ్డిచేప 1959లోనే వచ్చింది. కొత్త చేపను తెచ్చేటప్పుడు దాని కడుపును కూడా చూడాలన్న జాగ్రత్త అప్పటి నుంచి శాస్త్రంలో గట్టిపడింది.

మందు పనిచేయని చోట జీవితచక్రమే దారి చూపుతుందని 1984లో మరోసారి తేలింది. ట్రౌట్ చేపల తలను వంకర తిప్పే మిక్సోబోలస్ అనే జీవి ట్యూబిఫెక్స్ పురుగులో పెరిగి రూపం మార్చుకుంటేనే చేపకు అంటుతుందని అమెరికాలో వూల్ఫ్, మార్కివ్ చూపించారు. అదే ట్యూబిఫెక్స్‌ను మురుగుకాలువల్లో ఏరి మన రంగుచేపలకు బతికున్న మేతగా వేస్తున్నారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన నరసింహమూర్తి, కళావతి దశాబ్దాల పాటు మన చేపల్లోని ఈ జాతి జీవులను వర్ణించారు. కళావతి, నంది కలిసి 2007లో భారతీయ చేపల మిక్సోస్పోరిడియాల మీద వెలువరించిన చేతిపుస్తకం ఆ శ్రమకు ఫలం. ఈ జీవులకు నమ్మదగిన మందు నేటికీ లేదు. మేతను మార్చడమే మందు.

కొల్లేరు చుట్టుపక్కల 1980ల నుంచి బొచ్చె, శీలావతి పెంపకం ఊపందుకుంది. పురుగుమందులూ దానితోపాటే చెరువుల్లోకి వచ్చాయి. అమెరికాలో విలియం క్యాంప్‌బెల్, జపాన్‌లో సతోషి ఓమురా చేసిన పనితో 1980ల మొదట్లో మార్కెట్‌కి వచ్చి, 2015లో వారికి నోబెల్ తెచ్చిన ఐవర్‌మెక్టిన్‌ను చేపపేను కోసం మేతలో కలుపుతుంటారు. చేపకు అది చాలా ప్రమాదకరం. మందు మోతాదుకూ విషపు మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ.

మెట్రోనిడజోల్ జాతి మందులు తినే చేపల పెంపకంలో మన దేశంలో నిషేధం. అందుకే గాజుతొట్టిలో ఆ మందు కలిపిన నీటిని చెరువులోకో కాలువలోకో వదలకూడదు. కట్టలేరు పక్కనో, సాగర్ ఎడమకాలువ చివరి భూముల్లోనో బతికేవాళ్లకు నీటి విలువ మళ్లీ చెప్పనక్కర్లేదు.

నూట యాభై ఏళ్ల అనుభవం ఇవాళ కొన్ని స్పష్టమైన నియమాలుగా మిగిలింది. గుండ్రటి పురుగులకు లీటరు నీటికి సుమారు 2 మిల్లీగ్రాముల లెవామిజోల్ 24 గంటలపాటు, దీపం ఆర్పి వాడతారు. గుడ్లను అది చంపదు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ వాడాలి. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్, కశాభ జీవులకు మెట్రోనిడజోల్. ఒకదాని మందు మరొకదానిపై పనిచేయదు. పేగులోని శత్రువుకు మిగతా మందులను నీటిలో కన్నా మేతలో ఇవ్వడమే నయం, చేప తినడం మానకముందే మొదలుపెట్టాలి. కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచడం వీటన్నిటికన్నా ముందున్న చికిత్స. చరకుడు చెప్పిన మూడో మెట్టు అదే.

ఏ పురుగో తెలియకుండా ఏ మందూ సరైనది కాదు. అది తెలియడానికి విజయవాడకో చెన్నైకో వెళ్లాల్సిన పనిలేదు. పశువైద్యశాలలో పేడ పరీక్షకు వాడే సూక్ష్మదర్శిని చేప రెట్టలోని గుడ్లనూ, ఈదే కశాభ జీవులనూ అంతే బాగా చూపిస్తుంది. కావలసింది చూడటం నేర్పే కొద్దిపాటి శిక్షణ. మత్స్యశాఖ, పశుసంవర్ధకశాఖ కలిసి ప్రతి మండలంలో ఆ శిక్షణ ఇస్తే, తిరువూరులో గాజుతొట్టి పెంచుకునే కుర్రాడూ, చెరువు లీజుకు తీసుకున్న రైతూ ఊహ మీద మందు కొనడం మానేస్తారు.