దూరదర్శినికి కంప్యూటరు తోడైన క్రమం

నక్షత్రం పేరు ఎంచుకుంటే దూరదర్శిని తానే తిరిగి దానిని చూపుతుంది. దీనిని ఈనాటి వింతగా మీరు భావించవద్దు. 1970ల ఆరంభంలోనే అమెరికాలోని కిట్ పీక్ పర్వతంపై ఉన్న రేడియో దూరదర్శిని కోసం చార్లెస్ మూర్ తాను రూపొందించిన ఫోర్త్ భాషను వాడాడు. అయితే అటువంటి సౌకర్యం పెద్ద వేధశాలలకే ఉండేది.

1992లో మీడ్ సంస్థ ఔత్సాహికుల కోసం ఎల్‌ఎక్స్200 దూరదర్శినిని తెచ్చింది. నా దృష్టిలో దాని అసలు విశేషం మోటార్లు కాదు, ఆదేశాల పట్టికను బయటపెట్టడం. ఆ ఆదేశాలు మామూలు అక్షరాలే. కోలన్‌తో మొదలై హాష్ గుర్తుతో ముగుస్తాయి; సీరియల్ తీగ గుండా సెకనుకు 9600 బిట్ల వేగంతో సాగుతాయి. విషువాంశ ఎంతని అడిగితే జవాబూ అక్షరాల్లోనే వస్తుంది. పట్టిక అందరి చేతిలో ఉన్నందువల్లనే, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన లినక్స్‌కు కూడా దారి దొరికింది. తయారీదారు దయ కోసం ఎదురుచూడవలసిన అవసరం లేకపోయింది.

తరువాత ఎల్‌వుడ్ డౌనీ రూపొందించిన ఇండి ప్రోటోకాల్, దూరదర్శినికీ కేస్టార్స్ వంటి తారాపట ప్రోగ్రాములకూ మధ్య దుబాసి అయింది. ఇది నెట్‌వర్క్ మీదుగా పనిచేస్తుంది కనుక దూరదర్శిని మేడమీద, మీరు కింద గదిలో ఉండవచ్చు.

మీరు ప్రయత్నిస్తే ఒకటి గమనించండి. ఉబుంటులో సీరియల్ పోర్టు వాడాలంటే మీ ఖాతాను 'డయలౌట్' అనే వర్గంలో చేర్చి మళ్లీ లాగిన్ కావాలి. మోడెముతో ఫోను నంబరు తిప్పిన కాలం నాటి పేరది. ఇప్పుడు యూఎస్‌బీ తీగ తగిలించినా అనుమతి ఆ వర్గానికే ఉంటుంది.