మన్యం గుర్రం ఎందుకంత పొట్టి? ఎత్తును తేల్చే జన్యువులు ఇవే..

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కితే అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడ రోడ్డు పడని గూడేలకు గుర్రమే లారీ, గుర్రమే ఆటో. పసుపు, మిరియాలు, కాఫీ గింజల బస్తాలతో సంతకు దిగుతుంది. ఉప్పు, బియ్యం మోసుకుని మళ్లీ కొండెక్కుతుంది. పెళ్లి ఊరేగింపులో కనిపించే గుర్రం పక్కన నిలబెడితే మాత్రం చాలామంది దీన్ని పిల్లగుర్రం అనుకుంటారు. కానీ పూర్తిగా ఎదిగిన గుర్రమే. మరి ఎందుకంత పొట్టి? మేత చాలకా, పుట్టుకతోనే అంతా?

తల కాదు, మూపు కొలవాలి

గుర్రం ఎత్తు అంటే నేల నుంచి మూపు వరకే. తల ఎత్తుతుంది, దించుతుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 147 సెంటీమీటర్ల లోపు ఉంటే పోనీ అంటారు. మన పెద్దవాళ్లు వాడిన మాట తట్టువ. చిన్నప్పుడు మేత సరిగా దొరక్కపోతే ఏ గుర్రమైనా కొంత గిడసబారుతుంది, నిజమే. అయితే మేత ఎంత పెట్టినా షెట్లాండ్ పోనీ రేసుగుర్రం అంత అవ్వదు. అసలు తేడా జన్యువుల్లోనే ఉంది.

మనిషికి 12 వేలు, గుర్రానికి నాలుగు!

మనుషుల ఎత్తుపై 2022లో వచ్చిన భారీ అధ్యయనంలో 54 లక్షల మంది డేటా చూశారు. ఎత్తుతో ముడిపడిన తేడాలు 12 వేలకు పైగా బయటపడ్డాయి. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. గుర్రాల కథ వేరు. 2012లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు రకరకాల జాతుల గుర్రాలను పోల్చి చూస్తే, సైజులో తేడాల్లో 83 శాతాన్ని కేవలం నాలుగు చోట్లు వివరించేశాయి. ఎల్‌కోర్ల్, హెచ్‌ఎంజీఏ2, జెడ్‌ఫ్యాట్, ఎల్‌ఏఎస్‌పీ1 అనే జన్యువులు ఉన్న చోట్లు అవి.

కారణం మనిషే. మోతకు కావాల్సినవాళ్లు పెద్దవాటిని, గనుల్లోకి, ఇరుకు దారుల్లోకి కావాల్సినవాళ్లు చిన్నవాటిని ఏరి దాటించారు. అలా తరాల పాటు ఏరితే పెద్ద ప్రభావం ఉన్న జన్యు మార్పులే పోగుపడతాయి. కుక్కల్లోనూ ఇదే జరిగింది.

వీటిలో హెచ్‌ఎంజీఏ2 సంగతి ఆసక్తికరం. షెట్లాండ్ పోనీల్లో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారింది. 2015లో స్విట్జర్లాండ్ పరిశోధకులు లెక్కగడితే, ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక కాపీ వస్తే ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు తగ్గింది. రెండు వైపుల నుంచీ వస్తే దాదాపు రెట్టింపు. ఇది జబ్బు కాదు. చిన్నదైనా కాళ్లు, తల, ఒళ్లు అన్నీ తగిన కొలతల్లోనే ఉంటాయి.

పొట్టి వేరు, మరుగుజ్జు వేరు

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మినియేచర్ గుర్రాల్లో ఏకాన్ అనే జన్యువు చెడితే మృదులాస్థి సరిగా తయారవదు. తల పెద్దదై, కింది దవడ ముందుకొచ్చి, కాళ్లు వంకరగా ఉన్న పిల్ల పుడుతుంది. కొన్ని కడుపులోనే పోతాయి. చెడిన కాపీ ఒక్కటే ఉంటే గుర్రం మామూలుగానే కనిపిస్తుంది. అలాంటి రెండింటిని కలిపితే మాత్రం ప్రతి ఈతలోనూ 25 శాతం ముప్పు. జూలు వెంట్రుకల కుదుళ్లతో చేసే డీఎన్‌ఏ పరీక్షలో ఇది ముందే తెలుస్తుంది. గిన్నిస్ రికార్డు కొట్టిన అమెరికా గుర్రం థంబెలినా ఎత్తు 44.5 సెంటీమీటర్లే. ముద్దుగా ఉందని ప్రపంచమంతా చూసింది కానీ, అదీ మరుగుజ్జుతనంతో పుట్టిందే.

ఆవుల్లోనూ ఇదే జన్యువు తంటా తెచ్చింది. ఐర్లాండ్ డెక్స్టర్ జాతిలో ఏకాన్ మార్పు ఒక కాపీ ఉంటే ఆవు పొట్టిగా ఉంటుంది. రెండు కాపీలు వస్తే దూడ చచ్చి పుడుతుంది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన వీడియో వైరల్ అయ్యాక, మన దగ్గరా ఎంత బుల్లిదైతే అంత రేటు అన్నట్టు తయారైంది. పుంగనూరు తరతరాలుగా ఉన్న గుర్తింపు పొందిన పొట్టి జాతి. దాన్ని ఇంకా ఇంకా కుదించాలని దగ్గరి బంధువుల మధ్యే దాటిస్తూ పోతే ఇలాంటి దాగిన లోపాలు బయటపడే అవకాశం పెరుగుతుంది. కొనేవాళ్లు దూడను మాత్రమే కాదు, దాని తల్లినీ తండ్రినీ చూడటం మంచిది.

పెద్ద గుర్రంతో దాటిస్తే?

పొట్టి గుర్రాన్ని పెద్దది చేద్దామనే ఆలోచన కొత్తదేం కాదు. 1938లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వాల్టన్, హామండ్ భారీ షైర్ గుర్రాలకూ షెట్లాండ్ పోనీలకూ కృత్రిమ గర్భధారణతో సంకరం చేసిన ఫలితాలు ప్రచురించారు. షైర్ తల్లికి పుట్టిన సంకర పిల్ల బరువు, షెట్లాండ్ తల్లికి పుట్టినదానికి దాదాపు మూడు రెట్లు. జన్యువుల వాటా రెండింటికీ సగం సగమే అయినా తల్లి గర్భమే పుట్టినప్పటి సైజును అదుపు చేసింది. అయితే అలా పుట్టిన గుర్రం పెద్దదైతే కొండ మీద లాభమా అన్నది వేరే ప్రశ్న. ఒళ్లు పెరిగితే మేత పెరుగుతుంది. రాళ్ల కాలిబాటపై బస్తాతో దిగడానికి పొట్టి కాళ్లే నయం. హిమాచల్ స్పితి, లడఖ్ జన్స్‌కారీ, మణిపురి.. దేశంలో పేరున్న కొండ గుర్రాలన్నీ పొట్టివే.

జాబితాలో మన గుర్రం లేదు

దేశంలో జంతు జాతులను నమోదు చేసేది హర్యానా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. మార్వాడీ, కాఠియావాడీ, భూటియా లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క గుర్రం జాతీ లేదు. మన్యం గుర్రాలు జాతి పేరు లేని నాటు గుర్రాల ఖాతాలోకి వెళ్లిపోతాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే తేలాయి. 2012తో పోలిస్తే 45.6 శాతం తగ్గుదల. రోడ్డు, బైక్ చేరిన ఊళ్లో గుర్రంతో పని తగ్గుతుంది. గూడేనికి అంబులెన్స్ రావాలంటే రోడ్డు పడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఈలోగా పేరు నమోదు కావాలంటే మాత్రం సంతల్లో టేపు పట్టుకుని మూపులు కొలవాలి, ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో లెక్క తీయాలి, మిగతా జాతులతో పోల్చడానికి డీఎన్‌ఏ నమూనాలు తీసుకోవాలి.