దీపం నుంచి డిటెక్టరు దాకా: బాయిలో గాలిని కొలిచిన పరికరాల కథ

మన బడిలో చదివినవాళ్లలో చాలామందిమి బాయి కార్మికుల పిల్లలమే. నాన్న ఏ షిఫ్టులో ఉంటే దాన్ని బట్టి ఇంట్లో వంటవేళ మారేది. కానీ ఆయన ప్రాణం ఏ పరికరం మీద ఆధారపడి ఉందో మన పాఠ్యపుస్తకాల్లో లేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఆ చరిత్రను ఈ స్వర్ణోత్సవ సంచికలో క్లుప్తంగా చెప్పాలనుకుంటున్నాను.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున మన గోదావరిఖని వెలిసింది ఇంకా ఎంతో కాలం తర్వాత. అప్పటికే గని భద్రతలో ప్రపంచం కొన్ని పాఠాలు చాలా ఖరీదుగా నేర్చుకుంది.

బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ దీపం చుట్టూ సన్నని తీగల జాలీ కట్టాడు. జాలీ వేడిని లాగేయడంతో లోపలి మంట బయటి గ్యాసును అంటుకోదు. ఆ దీపం వెలుతురే కాదు, కొలిచే సాధనం కూడా. వత్తి తగ్గించి చూస్తే మంట మీద నీలి టోపీలా కనబడేది. టోపీ ఎత్తు పెరిగితే గ్యాసు పెరిగినట్టు. ఆక్సిజన్ తగ్గితే మంట మసకబారి ఆరిపోయేది. సర్దార్‌గా పనిచేసిన మా నాన్న, "దీపం అబద్ధం చెప్పదురా, చూసేటోడే తొందరపడతడు" అనేవాడు.

తర్వాత గనుల్లోకి కరెంటు వచ్చింది. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు చనిపోయారు. కారణం కచ్చితంగా తేలలేదు కానీ, సిగ్నల్ గంట తీగల నుంచి పుట్టిన స్పార్కును అనుమానించారు. ఆ గంట నడిచేది కొద్ది వోల్టుల బ్యాటరీ మీదే. చూడాల్సింది వోల్టులొక్కటే కాదు, స్పార్కులో ఎంత శక్తి ఉందో చూడాలని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మీథేన్ అంటుకోవడానికి సుమారు 0.28 మిల్లీజౌల్ చాలు. అంత శక్తి గల స్పార్కు పుట్టనివ్వకుండా సర్క్యూట్‌ను తయారుచేసే పద్ధతి అక్కడినుంచే ఎదిగింది. బాయిలో డిటెక్టరును విప్పవద్దని, దానికి ఛార్జింగు పైన ల్యాంప్ రూములోనే పెట్టాలని అనడం వెనక ఉన్న లెక్క ఇదే.

1960ల నుంచి ఎలక్ట్రానిక్ మీథేన్ మీటర్లు వాడుకలోకి వచ్చాయి. లోపల ప్లాటినం తీగ ఉన్న రెండు చిన్న పూసలుంటాయి. ఒకదానికి ఉత్ప్రేరకం పూస్తారు. దాని మీద మీథేన్ మండి తీగ వేడెక్కుతుంది, నిరోధం పెరుగుతుంది, బ్రిడ్జి సమతౌల్యం తప్పుతుంది. మనం ఇంటర్‌లో చదివిన వీట్‌స్టన్ బ్రిడ్జే! మన దేశ నిబంధనల ప్రకారం మండే వాయువు 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. ఆ అంకెను నమ్మకంగా చెప్పగలిగే సాధనం కావాలి.

ఇక్కడే చిక్కుంది. దీపం జాలీ చిరిగితే కంటికి కనబడుతుంది. ఉత్ప్రేరకం సిలికోన్ ఆవిరి తగిలి పాడైతే మీటరు పైకి ఏమీ తెలియదు. గ్యాసు లేనప్పుడు చూపించేదీ సున్నాయే, పరికరం చచ్చిపోయినప్పుడు చూపించేదీ సున్నాయే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ల్యాంప్ రూములో దీన్ని కళ్లారా చూశాను. షిఫ్టుకు ముందు వరుసగా పెట్టిన డిటెక్టర్లన్నీ 0.0 చూపిస్తున్నాయి. అక్కడి పెద్దాయన ఒక్కొక్కదానికి టెస్టు గ్యాసు పట్టాడు. అన్నీ లేచాయి, ఒక్కటి కదల్లేదు. చూడ్డానికి అదే అన్నిటికన్నా శుభ్రంగా ఉంది. ఆయన దానికి ఎర్ర టేపు చుట్టి పక్కన పెట్టి, "ఇది దిగితే ఎవరో పైకి రారు" అని తన పనిలో పడ్డాడు.

మన బడి ప్రయోగశాలలో మీథేన్ లేదు. అయినా పాఠం ఒక్కటే. వాడే ముందు సున్నా చూడాలి. విలువ తెలిసిన ఒక సెల్లునో నిరోధాన్నో కొలిచి మీటరును సరిచూడాలి. ఎంత వస్తుందో తెలియనప్పుడు పెద్ద రేంజితో మొదలుపెట్టాలి. కరెంటు ఉన్న సర్క్యూట్‌లో నిరోధం కొలవకూడదు. వేసవి సెలవులకు ముందు సెల్లులు తీసేయాలి, లేకపోతే కారి లోపలి భాగాలను తినేస్తాయి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును ఎప్పుడూ విరగ్గొట్టకూడదు.

పూర్వ విద్యార్థుల సంఘం బడికి కొత్త పరికరాలు ఇవ్వాలనుకుంటే మంచిదే. ఒక్కో పరికరంతో పాటు ఒక నోటుబుక్కు కూడా ఇద్దాం. ఎప్పుడు సరిచూశారు, ఎవరు చూశారు, ఎంత చూపించింది అన్నవి అందులో పిల్లలే రాయాలి. ఆ అలవాటుతో బయటికి వెళ్లిన పిల్లవాడు రేపు ఆసుపత్రిలో పనిచేసినా, పవర్‌హౌసులో పనిచేసినా, బాయిలో పనిచేసినా, సున్నాను చూసి ఊరుకోడు, అది నిజమైన సున్నాయేనా అని అడుగుతాడు.